ఈసారి మన మావెరిక్స్ ఏం చేస్తారు?



సోమవారం దీపావళి. ప్రమిదలు కడిగి లోపల పెట్టుకునేలోపే, బుధవారం రాత్రి, 2025 అక్టోబర్ 22న, డాలస్ మావెరిక్స్ కొత్త ఎన్‌బీఏ సీజన్ మొదలవుతోంది. ఆట మన డౌన్‌టౌన్‌లోని అమెరికన్ ఎయిర్‌లైన్స్ సెంటర్‌లోనే. ఎదుటి జట్టు శాన్ ఆంటోనియో స్పర్స్. ఇర్వింగ్, ప్లేనో, ఫ్రిస్కోల్లో ఉన్న మన తెలుగువాళ్లలో క్రికెట్ స్కోర్లు కంఠతా అప్పజెప్పేవాళ్లకు కొదవ లేదు. బాస్కెట్‌బాల్ అనేసరికి మాత్రం "అది పిల్లల గొడవండీ, మాకంత పట్టదు" అని తప్పుకుంటారు. ఆ పిల్లలే పోయిన ఫిబ్రవరిలో ముఖాలు వేలాడేసుకుని తిరిగారు. ఎందుకో చాలా ఇళ్లలో పెద్దవాళ్లకు అర్థం కాలేదు. ఆ కథా చెబుతాను, ముందున్న సీజన్ మీద నా అంచనా కూడా చెబుతాను. నేను పండితుణ్నేం కాదు. టికెట్టు కొనుక్కుని పై వరసల్లో కూర్చుని గొంతు చించుకునే అభిమానిని.

ఎన్ని గెలుస్తారు, ప్లేఆఫ్స్‌కి వెళతారా అని అందరూ అడుగుతున్నారు. నా అంకె నేనూ చెబుతాను, దాచుకోను. అయితే ఈ సీజన్‌లో నేను కనిపెట్టుకుని చూడబోయేది ఇంకొకటి. పద్దెనిమిదేళ్ల కుర్రాడొకడు జట్టులోకి వచ్చాడు. ముప్పై దాటిన దిగ్గజాలు ముగ్గురు పక్కనున్నారు. జట్టు ఎవరి వయసును బట్టి నడుస్తుంది? కుర్రాడు ఎదిగేదాకా ఆగుతుందా, పెద్దవాళ్ల మోకాళ్లు సహకరించినన్నాళ్లే మనకు టైమని తొందరపడుతుందా? ఈ ప్రశ్నకు జవాబు దొరికితే మిగతా లెక్కలన్నీ వాటంతట అవే తేలతాయి.

కొత్తగా వింటున్నవాళ్ల కోసం కాస్త వెనక్కి వెళదాం. మావెరిక్స్ పుట్టింది 1980లో. తొంభైల్లో ఈ జట్టు అంటే నవ్వులాట. 1992-93 సీజన్‌లో ఆడింది 82, గెలిచింది 11. ఆ మరుసటి ఏడు 13. అలాంటి జట్టులోకి 1998లో జర్మనీ నుంచి ఏడడుగుల సన్నటి కుర్రాడొచ్చాడు, పేరు డర్క్ నొవిట్జ్‌కీ. మొదటి సీజన్‌లో అతని సగటు మ్యాచ్‌కి 8.2 పాయింట్లు. ఇవాళ్టి రోజుల్లో అయితే ఫోన్లు పట్టుకున్న జనం అతన్ని నెల తిరక్కుండానే దండగమారి అని తేల్చేసేవాళ్లు. జట్టు ఓపిక పట్టింది. పదమూడో సీజన్‌లో, 2011లో, లెబ్రాన్ జేమ్స్, డ్వేన్ వేడ్, క్రిస్ బాష్ ఉన్న మయామీని ఓడించి మనకున్న ఒకే ఒక్క టైటిల్ తెచ్చిపెట్టాడు. ఆ ఫైనల్స్‌లో రెండో మ్యాచ్ దొరికితే చూడండి. మయామీ వాళ్ల గడ్డ మీద ఇంకో ఏడు నిమిషాలున్నాయనగా మనం పదిహేను పాయింట్లు వెనకబడి ఉన్నాం. డర్క్ ఎడమచేతి మధ్యవేలికి టెండన్ తెగి ఉంది. ఆ ఎడమచేత్తోనే చివరి క్షణాల్లో బంతిని బాస్కెట్‌లో వేసి 95-93తో గెలిపించాడు. ఇరవై ఒక్క సీజన్లు, అన్నీ ఇక్కడే. స్టేడియం బయట అతని విగ్రహం పెట్టారు, 2022 క్రిస్మస్ రోజున ఆవిష్కరించారు.

డర్క్ దిగిపోతున్న ఏడాదే లూకా డాంచిచ్ ఎక్కాడు. 2018 డ్రాఫ్ట్‌లో (కొత్త ఆటగాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునే చోట) అట్లాంటా అతన్ని మూడో స్థానంలో తీసుకుని, ట్రే యంగ్ కోసం అదే రాత్రి మనకు ఇచ్చేసింది. స్లొవేనియా కుర్రాడు, పదహారేళ్లకే రియల్ మాడ్రిడ్ పెద్ద జట్టులో ఆడినవాడు. ఆ అట్లాంటా మీదే 2024 జనవరిలో ఒక్క మ్యాచ్‌లో 73 పాయింట్లు కొట్టాడు. ఆ సీజన్‌లో లీగ్ మొత్తానికీ అతనే టాప్ స్కోరర్, సగటు 33.9. అదే ఏడు జూన్‌లో మనల్ని ఫైనల్స్ దాకా తీసుకెళ్లాడు. బోస్టన్ చేతిలో 4-1తో ఓడాం, అయినా ఎవరికీ దిగులు లేదు. అతనికి పాతికేళ్లే కదా, ఇంకో పదేళ్లు మనవే అనుకున్నాం.

2025 ఫిబ్రవరి 1, శనివారం, రాత్రి పదకొండు దాటింది. లూకాను లాస్ ఏంజెలెస్ లేకర్స్‌కి ఇచ్చేశారని ఈఎస్‌పీఎన్ విలేకరి షామ్స్ చరానియా రెండు ముక్కలు పోస్ట్ చేశాడు. ఎవరూ నమ్మలేదు. అతని ఖాతాను ఎవరో కాజేశారని అనుకున్నారు. హైదరాబాద్‌లో అప్పటికి ఆదివారం పొద్దున్న, అక్కడివాళ్లు ఫోన్లు చేసి "నిజమేనా?" అని మమ్మల్ని అడుగుతుంటే, మేం ఇక్కడ ఒకరి ముఖాలొకరు చూసుకుంటున్నాం. నిజమే. లూకాకు బదులు మనకొచ్చింది ఆంథొనీ డేవిస్, మ్యాక్స్ క్రిస్టీ అనే కుర్రాడు, 2029 డ్రాఫ్ట్‌లో లేకర్స్ మొదటి రౌండ్ పిక్ (ఎంచుకునే హక్కు) ఒకటి. అంతే. కాపుకొచ్చిన మామిడి చెట్టును కొట్టి కలప అమ్ముకున్నట్టయింది.

అప్పటి జనరల్ మేనేజర్ నికో హారిసన్ చెప్పిన కారణం డిఫెన్స్. టైటిళ్లు గెలిపించేది డిఫెన్సే, మన లెక్క రాబోయే మూడు నాలుగేళ్లది అన్నది ఆయన సిద్ధాంతం. నిజాయితీగా చెప్పాలంటే ఆ సిద్ధాంతం పూర్తిగా పిచ్చిది కాదు. డేవిస్ లాంటి డిఫెండర్లు ఈ తరంలో నలుగురైదుగురుంటారేమో. లూకాకు డిఫెన్స్ మీద శ్రద్ధ తక్కువన్నదీ అందరికీ తెలిసిందే. నా కడుపు మంట బేరం దగ్గర. ఇలాంటి ఆటగాణ్ని అమ్మాలనుకుంటే లీగ్‌లో ముప్పై జట్లున్నాయి. నలుగురికీ తెలియనిస్తే ఒకరి మీద ఒకరు పోటీపడి పాట పెంచేవాళ్లు. గుట్టుచప్పుడు కాకుండా ఒక్కరితోనే కుదుర్చుకున్నారు. ఇంట్లో పాత కారు అమ్మేటప్పుడైనా మనం అలా చేయం.

మర్నాడు జనం డర్క్ విగ్రహం దగ్గరికి శవపేటిక తెచ్చి పెట్టారు. ఆపైన ప్రతి మ్యాచ్‌లోనూ "ఫైర్ నికో" అన్న కేకలే.

ఆ తర్వాతి నెలలు గుర్తు చేసుకోవడం కష్టమే గానీ, ఈ సీజన్ అర్థం కావాలంటే తప్పదు. ఫిబ్రవరి 8న డేవిస్ తొలి మ్యాచ్, హ్యూస్టన్ మీద. 26 పాయింట్లు, 16 రీబౌండ్లు, 7 అసిస్టులు. తిట్టుకుంటూ వచ్చిన జనం కూడా లేచి చప్పట్లు కొట్టారు. మూడో క్వార్టర్ పూర్తికాకముందే తొడ దగ్గర కండరం పట్టేసి లోపలికి వెళ్లిపోయాడు, తిరిగొచ్చేసరికి మార్చి చివరి వారమైంది. సీజన్ మొత్తంలో మన తరఫున ఆడింది 9 మ్యాచ్‌లు.

మార్చి 3న శాక్రమెంటోతో ఆట. మొదటి క్వార్టర్‌లో కైరీ ఇర్వింగ్ బంతి తీసుకుని బాస్కెట్ వైపు దూసుకెళ్లాడు, ఫౌల్ అయింది, పడ్డాడు, ఎడమ మోకాలు పట్టుకున్నాడు. ఇద్దరు సాయం పట్టి లేపారు. ఫౌల్ చేసినందుకు అతనికి రెండు ఫ్రీ త్రోలు రావాలి. కుంటుకుంటూ లైను దగ్గరికొచ్చి నిలబడ్డాడు. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. మొదటిది వేశాడు, పడింది. రెండోది వేశాడు, అదీ పడింది. అప్పుడు వెళ్లిపోయాడు. మర్నాడు తెలిసింది, మోకాల్లో ఏసీఎల్ అనే లిగమెంట్ తెగిందని. నాకు కైరీ మాటలన్నీ నచ్చవు, చేష్టలూ అన్నీ నచ్చవు. ఆ రెండు ఫ్రీ త్రోలు మాత్రం ఎవరైనా అడిగితే లేచి నిలబడి చెబుతాను.

గాయాలు ఎంతదాకా వెళ్లాయంటే, మ్యాచ్ ఆడాలంటే లీగ్ నిబంధన ప్రకారం కనీసం ఎనిమిది మంది ఉండాలి, ఆ ఎనిమిది మందిని పోగుచేయడమే కొన్ని రాత్రులు గండమైంది. ఇంకొకణ్ని తెచ్చుకుందామంటే జీతాల పరిమితి అడ్డం. ఏప్రిల్ 9న లూకా లేకర్స్ చొక్కాలో ఇక్కడికొచ్చాడు. స్లొవేనియా భాషలో 'అన్నిటికీ థాంక్స్' అని రాసిన టీషర్టులు సీట్ల మీద పరిచి ఉన్నాయి. పెద్ద తెర మీద అతని పాత వీడియో వేస్తే బెంచీ మీద కూర్చుని తువాలుతో ముఖం తుడుచుకుంటూ ఏడ్చాడు. ఆ తర్వాత లేచి వెళ్లి మన మీదే 45 పాయింట్లు కొట్టాడు. చివరికి 39 గెలుపులు, 43 ఓటములు. ప్లే-ఇన్‌లో (ప్లేఆఫ్స్ చివరి చోట్ల కోసం ఆడే మ్యాచ్‌ల్లో) శాక్రమెంటోను కొట్టి, మెంఫిస్ దగ్గర ఆగిపోయాం.

ఇక్కడికి కథ అయిపోవాలి. అవలేదు.

ప్లేఆఫ్స్‌కి చేరని పద్నాలుగు జట్లకు లీగ్ వాళ్లు లాటరీ తీస్తారు. పింగ్‌పాంగ్ బంతులు పద్నాలుగు డ్రమ్ములో వేసి తిప్పి నాలుగు తీస్తారు. వచ్చే అంకెల కూర్పు ఎవరిదైతే కొత్త కుర్రాళ్లలో మొదటివాణ్ని ఎంచుకునే హక్కు వాళ్లది. బాగా ఓడినవాళ్లకు ఎక్కువ కూర్పులు ఇస్తారు. మనకు వెయ్యిలో 18. అవి కూడా చికాగోతో సమానంగా నిలిచినందువల్ల విడగొట్టి ఇచ్చినవి. మే 12న వేదిక మీద మన తరఫున కూర్చున్నది ఎనభైల్లో మావెరిక్స్‌కి ఆడిన రొలాండో బ్లాక్‌మన్. ఒక్కొక్క జట్టు కార్డు తిప్పుతూ వస్తున్నారు. పదకొండో స్థానం దగ్గర మన బొమ్మ రాలేదు. రాలేదంటే పైకెళ్లామన్నమాట. ఆఖరికి ఒకటో స్థానం మనదే. దేశమంతా ఇది కుమ్మక్కు అని గోల పెట్టింది. లూకాను లేకర్స్‌కి పంపినందుకు బహుమానం అన్నారు. ఆ బంతులకు ఎవరి మీదా ప్రేమ ఉండదని నా నమ్మకం. అయినా ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

అలా వచ్చినవాడు కూపర్ ఫ్లాగ్. మెయిన్ రాష్ట్రంలో న్యూపోర్ట్ అనే మూడు వేల జనాభా ఊరు. అంత చలిలో, అంత చిన్న ఊళ్లో బాస్కెట్‌బాల్ ఆటగాడు పుట్టడమే వింత. తల్లీ తండ్రీ ఇద్దరూ కాలేజీ రోజుల్లో ఆడినవాళ్లు. దూరాభారం మ్యాచ్‌లకు కారులో వెళ్లేటప్పుడు పిల్లలకు 1985-86 నాటి బోస్టన్ సెల్టిక్స్ ఆటల వీడియోలు పెట్టేవాళ్లట. మన ఇళ్లలో కారెక్కగానే పిల్లలకు ఏం పెడతామో మీకు తెలుసు. హైస్కూల్ ఒక ఏడాది ముందే ముగించుకుని డ్యూక్ యూనివర్సిటీకి వెళ్లాడు. అక్కడ ఆడిన ఒకే ఏడాదిలో మ్యాచ్‌కి సగటున 19.2 పాయింట్లు, 7.5 రీబౌండ్లు, 4.2 అసిస్టులు. దేశంలో ఉత్తమ కాలేజీ ఆటగాడన్న బహుమతులు అతనికే వచ్చాయి. జాతీయ సెమీఫైనల్లో హ్యూస్టన్ యూనివర్సిటీ చేతిలో 70-67తో ఓడారు. ఆఖరి క్షణాల్లో గెలిపించే షాట్ అతని చేతిలోనే ఉంది, పొట్టిగా పడింది.

అంతకంటే నాకు నచ్చిన సంగతి ఇంకొకటుంది. 2024 జూలైలో పారిస్ ఒలింపిక్స్‌కి వెళ్లే అమెరికా జట్టు లాస్ వేగాస్‌లో కుర్రాళ్లతో ప్రాక్టీస్ మ్యాచ్ ఆడింది. లెబ్రాన్ ఉన్న జట్టు. ఎదురుగా ఉన్న కుర్రాళ్లలో ఫ్లాగ్ వయసు పదిహేడు, కాలేజీ మ్యాచ్ ఒక్కటీ ఆడలేదింకా. ఆ రోజు అతను మూడు పాయింట్ల షాట్ ఒకటి కొట్టింది ఎవరి ముఖం మీదనుకున్నారు? ఆంథొనీ డేవిస్ ముఖం మీద. ఇప్పుడు ఇద్దరూ ఒకే లాకర్ రూములో బట్టలు మార్చుకుంటున్నారు.

జూన్ 25న మావెరిక్స్ అతని పేరు పిలిచింది. మొదటి స్థానంలో వెళ్లినవాళ్లలో లెబ్రాన్ తర్వాత అతి చిన్నవాడితనే. చొక్కా నంబరు 32. జూలైలో సమ్మర్ లీగ్‌లో మొదటి ఆట లేకర్స్‌తో, 21 షాట్లు వేస్తే పడ్డవి 5. తర్వాతి ఆట స్పర్స్‌తో, 31 పాయింట్లు. ఈ సీజనంతా ఇలాగే ఉంటుందని నా ఊహ, ఒక రాత్రి అలా, ఒక రాత్రి ఇలా. డిసెంబర్ 21న అతనికి పంతొమ్మిదేళ్లు నిండుతాయి. మన ఇళ్లలో ఆ వయసువాడు కాలేజీలో మొదటి సెమిస్టర్ పరీక్షలు రాసి మురికి బట్టల సంచితో ఇంటికొస్తుంటాడు.

ఇప్పుడు అసలు చిక్కు. జట్టుకు పాయింట్ గార్డ్ లేడు. అంటే బంతిని మోసుకొచ్చి, ఎవరికి ఎప్పుడివ్వాలో తేల్చి, ఆట నడిపేవాడు. ఆ పని లూకాది, లూకా పోయాక కైరీది. కైరీ కొత్త ఏడాది వచ్చాక గానీ ఆడడని అంటున్నారు. వేసవిలో డి-ఏంజెలో రసెల్‌ను తెచ్చుకున్నారు. షాట్ వేయగలడు, పాస్ ఇవ్వగలడు, ఎదుటివాణ్ని ఆపడం మాత్రం అతని వల్ల కాదు. డిఫెన్స్ పేరు చెప్పి లూకాను పంపేసిన జట్టుకు రసెల్ దిక్కయ్యాడంటే నవ్వాలో ఏడవాలో నాకు తోచలేదు.

అందుకే కోచ్ జేసన్ కిడ్ ఫ్లాగ్‌కే బంతి అప్పగిస్తానంటున్నాడు. ఆరడుగుల తొమ్మిదంగుళాల మనిషిని పాయింట్ గార్డ్‌గా ఆడించడం. చాలామంది ఇది సాహసం అంటున్నారు, కొందరు కుర్రాణ్ని చెడగొట్టడం అంటున్నారు. నేను కిడ్ వైపు. ఈ పని అతనికి కొత్త కాదు. మిల్వాకీకి కోచ్‌గా ఉన్నప్పుడు, 2016లో, యానిస్ ఆంటెటోకూన్‌పో అనే పొడుగు కుర్రాడి చేతికి ఇలాగే బంతి ఇచ్చాడు. జనం అప్పుడూ నవ్వారు. ఆ మరుసటి సీజన్‌లో యానిస్ లీగ్‌లో అందరికంటే ఎక్కువ ఎదిగిన ఆటగాడన్న అవార్డు తీసుకున్నాడు. తర్వాత ఏమయ్యాడో చెప్పక్కర్లేదు. పైగా కిడ్ తనే గొప్ప పాయింట్ గార్డ్. మావెరిక్స్ 1994లో రెండో స్థానంలో తీసుకున్న కుర్రాడు, 2011లో డర్క్ పక్కన ఆడి కప్పు ఎత్తినవాడు. కోచ్‌గా అతని మీద నాకు వంద ఫిర్యాదులున్నాయి. పద్దెనిమిదేళ్లవాడికి బంతి చేతిలో పెట్టి ఎలా నిలబడాలో నేర్పే పనికి మాత్రం అంతకంటే తగినవాడు దొరకడు.

దీని ఫలితం మొదట్లో చేదుగా ఉంటుంది. బంతులు పోగొడతాడు. ఎదుటి జట్లు పొట్టి చురుకైన గార్డులను ఉసిగొల్పి సగం కోర్టు దాటకముందే అతని మీద పడతాయి. దానికి తోడు స్థలం ఇరుకు. డేవిస్‌కు బాస్కెట్ కిందుండే సెంటర్ పని ఇష్టం లేదు, పక్కన ఇంకో పొడుగువాడు ఉండాలంటాడు. ఆ పొడుగువాడు డెరెక్ లైవ్లీ గానీ డానియెల్ గాఫర్డ్ గానీ అవుతాడు. వాళ్లిద్దరికీ దూరం నుంచి షాట్ లేదు. డేవిస్‌కూ అంతంతమాత్రమే. ముగ్గురు పొడుగువాళ్లు బాస్కెట్ చుట్టూ మూగితే వాళ్లను కాపు కాసేవాళ్లూ అక్కడే ఉంటారు, ఫ్లాగ్ దూసుకుపోదామంటే దారి ఏది? దూరం నుంచి భయపెట్టగలవాడు క్లే థాంప్సన్ ఒక్కడు, అతనికి ముప్పై అయిదు. డిఫెన్స్ మాత్రం చూసి తీరాలి. డేవిస్, లైవ్లీ, ఫ్లాగ్, పీజే వాషింగ్టన్ నలుగురూ చేతులు చాచి నిలబడితే ఎదుటివాడికి బాస్కెట్ కనిపించదు. ఒకరు కోలుకునేలోపు ఇంకొకరికి నొప్పి రాకపోతే! లైవ్లీకి జూలైలో పాదానికి ఆపరేషన్ అయింది. గాఫర్డ్ ట్రెయినింగ్ క్యాంపులోనే చీలమండ బెణికించుకున్నాడు. డేవిస్ వేసవిలో కంటికి ఆపరేషన్ చేయించుకున్నాడు.

డబ్బు సంగతీ కొంచెం చెప్పుకోవాలి, ఎందుకంటే ఈ లీగ్‌లో సగం ఆట అక్కడే. జీతాల మొత్తానికి లీగ్ కొన్ని గీతలు గీసింది. ఈ ఏడు వాటిలో పై గీత దాదాపు 20 కోట్ల 78 లక్షల డాలర్లు. రసెల్‌ను తీసుకున్న పద్ధతి వల్ల మనం ఆ గీత ఎట్టి పరిస్థితుల్లోనూ దాటకూడదు, ఇప్పటికే దానికి తల ఆనించి ఉన్నాం. డేవిస్ ఒక్కడి జీతమే 5 కోట్ల 41 లక్షలు. ఫ్లాగ్‌ది దాదాపు కోటీ 38 లక్షలు. అంటే మధ్యలో ఎవరైనా గాయపడితే కొత్తవాణ్ని కొనుక్కోవడానికి జేబులో చిల్లర కూడా లేదు. ఇంకా ముఖ్యమైంది పిక్‌ల సంగతి. 2027 నుంచి 2030 దాకా నాలుగేళ్లు మన మొదటి రౌండ్ పిక్ మీద మనకు పూర్తి హక్కు లేదు. ఒకటి షార్లట్‌కి మాటిచ్చాం, ఒకటి ఓక్లహోమా సిటీతో మార్పిడి, ఒకటి ఎప్పుడో కైరీ కోసం ఇచ్చేశాం, ఒకటి శాన్ ఆంటోనియోతో మార్పిడి. అంతలోపు చేతిలో మిగిలిన మన సొంత పిక్ 2026ది. ఫ్లాగ్ పక్కన ఎదగడానికి అతని ఈడువాడు ఇంకొకడు కావాలంటే దారి అదొక్కటే. ఓడితే ఫలితం దక్కే ఏడు కూడా ఇదొక్కటే. ఓడమని కోరుకుంటున్నానని అనుకోకండి. టికెట్ కొని ఓటమి కోరుకునేంత వైరాగ్యం నాకు రాలేదు.

మనమున్న వెస్ట్ కాన్ఫరెన్స్‌లోని ఎదుటివాళ్ల గురించి ఎక్కువ చెప్పను. వెస్ట్‌లో ఓక్లహోమా సిటీ పోయిన సీజన్ 68 గెలిచి కప్పు తీసుకుంది, డాలస్ నుంచి కారెక్కితే మూడు గంటల దూరం, ఆ జట్టంతా కుర్రాళ్లే. హ్యూస్టన్ కెవిన్ డ్యురాంట్‌ను తెచ్చుకుంది, సీజన్ మొదలవకముందే పాయింట్ గార్డ్ వాన్‌వ్లీట్ మోకాలు పోగొట్టుకుంది. డెన్వర్, మిన్నెసోటా ఎలాగూ ఉన్నాయి. లేకర్స్ పేరు నేను ఎత్తను. బుధవారం వచ్చే స్పర్స్‌ను మాత్రం తక్కువ అంచనా వేయకండి. ఏడడుగుల నాలుగంగుళాల విక్టర్ వెంబన్యామా భుజంలో రక్తం గడ్డకట్టి పోయిన ఫిబ్రవరిలో ఆగిపోయాడు, ఇప్పుడు తిరిగొస్తున్నాడు. ఈ ఏడు డ్రాఫ్ట్‌లో ఫ్లాగ్ తర్వాత రెండో స్థానంలో వెళ్లిన డిలన్ హార్పర్ కూడా ఆ జట్టువాడే. టెక్సాస్‌లో రాబోయే పదేళ్లు ఈ రెండు జట్ల మధ్య గొడవే చూస్తామని నాకనిపిస్తోంది.

మరి నా అంకె. 44 గెలుపులు, 38 ఓటములు. వెస్ట్‌లో ఏడు నుంచి తొమ్మిదో స్థానం మధ్య, మళ్లీ ప్లే-ఇన్. డేవిస్ 60 మ్యాచ్‌లు ఆడితేనే ఆ అంకె. అతను 40 దగ్గర ఆగితే మనమూ 30 దగ్గర ఆగుతాం. డేవిస్ మీద నాకు కోపం లేదండీ, అతనేం నన్ను తీసుకోండని దరఖాస్తు పెట్టుకోలేదు. కానీ అతని చరిత్ర చూసి అరవై అనడం కూడా కాస్త ఆశపోతుతనమే.

మ్యాచ్‌లు చూడటానికి స్టేడియం దాకా వెళ్లి జేబు ఖాళీ చేసుకోనక్కర్లేదు. పోయిన ఏడాది నుంచి ఎక్కువ మ్యాచ్‌లు ఛానల్ 29లో వస్తున్నాయి, కేబుల్ అక్కర్లేదు, యాంటెన్నా ఒకటి గోడకు అంటిస్తే చాలు. బుధవారం ఆట ఈఎస్‌పీఎన్‌లో, రాత్రి ఎనిమిదిన్నరకు. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో చూసే బంధువులుంటే చెప్పండి, అక్కడ గురువారం పొద్దున్న ఏడు, కాఫీతో పాటు చూడొచ్చు. ఫ్రిస్కో వైపు ఉన్నవాళ్లకు ఇంకో మాట. మావెరిక్స్ వాళ్ల చిన్న జట్టు టెక్సాస్ లెజెండ్స్ ఆడేది మీ కొమెరికా సెంటర్‌లోనే. టికెట్ చవక, పిల్లలు కోర్టు పక్కనే కూర్చోవచ్చు. భారతదేశంలో పుట్టి ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో ఎంపికైన మొట్టమొదటి ఆటగాడు, పంజాబ్‌లోని బల్లో కే గ్రామానికి చెందిన సత్నామ్ సింగ్, 2015లో మావెరిక్స్ తీసుకున్నాక ఆడింది ఆ జట్టు తరఫునే. ఎన్‌బీఏ మ్యాచ్ ఒక్కటీ ఆడలేకపోయాడు, తర్వాత ప్రొఫెషనల్ రెజ్లింగ్‌లోకి వెళ్లాడు. అయినా మనకు ఈ జట్టుతో బంధుత్వం అంటూ ఒకటుందని చెప్పుకోవడానికి అది పనికొస్తుంది.

యజమానుల మాట కూడా ఒకటి. 2023 చివర్లో మార్క్ క్యూబన్ దగ్గర్నుంచి జట్టులో ఎక్కువ వాటా కొన్నది మిరియం ఎడెల్సన్ కుటుంబం, లాస్ వేగాస్ శాండ్స్ క్యాసినోల వాళ్లు. ఇర్వింగ్‌లో పాత టెక్సాస్ స్టేడియం దగ్గర శాండ్స్ స్థలం కొనడం, క్యాసినో వద్దని ఊళ్లో జనం గట్టిగా నిలబడటం, ఈ మార్చిలో క్యాసినో ప్రతిపాదనను వాళ్లు వెనక్కి తీసుకోవడం మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. అలాగే నిలబడి జట్టు గురించి కూడా అడగొచ్చని నా ఉద్దేశం.

అడగవలసిన తేదీ కూడా ఉంది. ఫిబ్రవరి 5న ఆటగాళ్లను మార్చుకునే ట్రేడ్ల గడువు ముగుస్తుంది. అప్పటికి మనం ఇరవై గెలిచి పాతిక ఓడి ఉంటే పై గదుల్లో కంగారు మొదలవుతుంది. ఎవరో ఒక పేరున్న ముప్పై రెండేళ్ల గార్డ్‌ను తెద్దాం, బదులుగా 2026 పిక్ ఇద్దాం అని ఎవరో ఒకరు అంటారు. ఫ్లాగ్ చేతిలోంచి బంతి తీసి అతని చేతిలో పెడతారు. అలా చేసి ఇంకో నాలుగు మ్యాచ్‌లు ఎక్కువ గెలిచినా నాకు సంతోషం ఉండదు. ఆ పిక్ మన దగ్గరే ఉండి, మార్చిలో కూడా బంతి ఆ కుర్రాడి చేతిలోనే కనిపిస్తే, మనం తొమ్మిదో స్థానంలో ఉన్నా వచ్చే ఏటికి టికెట్లు ముందే కొనుక్కుంటాను. లేదంటారా, ఛానల్ 29 ఎలాగూ ఉచితమే.